ఆయిలింజనుకు రంగు వేయబోయే పిల్లలకు

కణేకల్



హగరి ఒడ్డు తోటలో, నీళ్లు ఇంకిపోయిన పాతబావి గట్టున పడి ఉన్న ఆయిలింజనును మీరు కొట్టానికి చేర్చారని, విప్పి కడిగి, రింగులు మార్చి, నాజిలు బాగుచేసి మళ్లీ పలికించారని తెలిసి నాకు కడుపు నిండింది. పాత ఇనుము కొనేవాళ్ల బండికి కిలోల లెక్కన పోవలసిన వస్తువు అది. ఇప్పుడు మీ మాటలన్నీ రంగు మీదికి మళ్లాయట. ఆకుపచ్చ వేయాలని కొందరు, ట్రాక్టరు మాదిరి ఎర్రగా మెరవాలని కొందరు పట్టుబడుతున్నారట. ఏ రంగన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు తేలవలసింది ఒకటుంది. ఆ రంగు మీద డీజిలు పడితే నిలుస్తుందా, ఊడుతుందా? ఈ ఉత్తరం దాని గురించే. బొమ్మనహాళ్‌లో, ఉరవకొండలో, కళ్యాణదుర్గంలో తాతల నాటి ఇంజన్లను బయటికి తీస్తున్న మీ ఈడు పిల్లలకు కూడా చదివి వినిపించండి.

మన జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదీ ఒక వరసలో పడదు. తుంగభద్ర ఎగువ కాలువ వచ్చాక కణేకల్‌లో వరి చూశాం గానీ, కాలువ అందని మెట్టకు బావే దిక్కు. బావి నీళ్లు గట్టెక్కాలంటే కపిల తోలాలి. జత ఎద్దులు, ఒక మనిషి తెల్లారకముందు మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా ముందుకూ వెనక్కూ నడిస్తే తడిసే నేల కొంచెమే. ఆ చాకిరీ నుంచి ఎద్దునూ మనిషినీ విడిపించింది ఆయిలింజను.

అది మన దేశపు బావుల మీదికి ఊరికే వచ్చి కూర్చోలేదు. గడిచిన శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు, బావికి ఆయిలింజనూ పంపూ బిగించి సేద్యానికి నీళ్లు తోడవచ్చని పట్టుదలగా ప్రయోగాలు చేసి చూపించాడు. అప్పుడు మన అనంతపురం జిల్లా ఆ ప్రెసిడెన్సీలోదే. ఇంగ్లండులోని డర్స్‌లీ ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930లో తెచ్చిన నెమ్మది ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరిగేది, తర్వాత వచ్చిన 6 గుర్రాలది 650. పెద్ద చక్రాలు, తక్కువ వేగం, ఎక్కువ ఆయుష్షు. పుణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో మొదలైంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోతపని కర్మాగారాలు లిస్టర్ పోలికనే వేల ఇంజన్లు చేసి దేశమంతా పంపాయి. నీళ్లు తోడని రోజుల్లో అదే ఇంజను పట్టా మార్చుకుని పిండి మర తిప్పేది, వేరుశనగ కాయలు ఒలిచేది. తర్వాత బోర్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చాక ఇంజను మాట ఎత్తినవాళ్లు లేరు. మూడు తరాల అన్నం దాని చక్రం మీద తిరిగిందని నేను నమ్ముతాను. అందుకే మీరు దాన్ని ఇంటి ముందు బొమ్మగా నిలబెట్టకుండా, వారానికొకసారైనా తిప్పుతామన్నారు చూడండి, ఆ మాట నాకు ఎంతో నచ్చింది. తిరిగే ఇంజను గనకనే రంగు విషయం ఇంత వివరంగా రాస్తున్నాను. తిరగని ఇంజనుకు ఏ డబ్బా తెచ్చి పూసినా చెల్లుతుంది.

ఇక ఇంజను ముందు నిలబడి చూడండి. డీజిలు ఎక్కడెక్కడ పడుతుంది? పైన ట్యాంకు. గరాటు పెట్టి పోసేటప్పుడు మూత చుట్టూ ఒలుకుతుంది. ట్యాంకు అడుగున కుళాయి, అక్కడ ఎప్పుడూ ఒక చెమ్మ ఉంటుంది. అక్కడి నుంచి ఫిల్టరు, ఫ్యూయల్ పంపు. ఇంజను గాలి పట్టినప్పుడల్లా పంపు దగ్గరి స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా డీజిలు బయటికి వదులుతాం. అది పంపు ఒంటి మీద నుంచి జారి, పంపు కూర్చున్న గట్టు మీద నిలిచి, బాడీ వెంబడి పునాది బోల్టుల దాకా పోతుంది. ఇంకొకటి నాజిలు. దాని తలలోంచి మిగులు డీజిలు వెనక్కి పోయే సన్నపైపు ఉంటుంది, ఆ నట్టు ఒక చుట్టు వదులైనా సిలిండరు హెడ్డు మీద వేడి డీజిలు పారుతుంది. చక్రాలకు, నీళ్ల తొట్టి స్టాండుకు, పట్టా కప్పీకి డీజిలు తగిలేది తక్కువ. సైలెన్సరుకు అసలు తగలదు, దానికి వేడే శత్రువు.

ఇంజను మొత్తానికీ ఒకటే కష్టం లేదు కాబట్టి ఒకటే డబ్బా సరిపోదు. ఒక సుద్దముక్క తీసుకుని, డీజిలు నిలిచే చోటు, జారే చోటు, తగలని చోటు అని ఇంజను మీదే గీతలు గీయండి. కొట్టుకు పోయేటప్పుడు ఆ లెక్క మీ చేతిలో ఉండాలి.

కొట్లో మీకు ముందుగా చూపించేది ఎనామిల్. కిటికీలకు, గేట్లకు వేసేదే. చవక, బ్రష్షుతో సులువుగా పూయవచ్చు, మెరుపు బాగుంటుంది. అయితే అది ఆరే పద్ధతి తెలుసుకోండి. ముందు టిన్నరు ఎగిరిపోతుంది, అప్పుడు చేతికి అంటదు. ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని లోపలి నూనె రేణువులు ఒకదానికొకటి ముడిపడాలి. ఆ పని పైనుంచి లోపలికి మెల్లగా సాగుతుంది. వారాలు పడుతుంది. మందంగా పూస్తే ఇంకా ఎక్కువ. మనవాళ్లు చేతికి అంటలేదు కదా అని మూడోరోజే ట్యాంకు నింపుతారు. లోపల పచ్చిగా ఉన్న పొరలోకి డీజిలు దిగి, రంగు ఉబ్బి, ముడతలు పడి, గోటితో గీస్తే పేలికలుగా లేస్తుంది. కొట్టువాడు మోసం చేశాడని అప్పుడు అంటారు. నెల రోజులు బాగా ఆరనిచ్చిన ఎనామిల్ డీజిలు చిందులను ఓర్చుకుంటుంది, వెంటనే తుడిస్తే ఏళ్లు ఉంటుంది. రోజూ డీజిలు నిలిచే పంపు గట్టు మీద మాత్రం దాన్ని నమ్మను.

రెండోది డ్యూకో అని పిలిచేది. 1920లలో అమెరికాలో డూపాంట్ కంపెనీ మోటారు కార్ల కోసం తెచ్చిన పేరు అది, ఇప్పుడు మన షెడ్లలో గన్నుతో కొట్టే ప్రతి రంగునూ డ్యూకో అనేస్తున్నారు. అసలు డ్యూకో నైట్రోసెల్యులోజుతో చేసింది. టిన్నరు ఎగిరిపోతే చాలు ఆరినట్టే, గంటలో పని అయిపోతుంది. లోపల ముడి ఏమీ పడదు కాబట్టి మళ్లీ టిన్నరు తగిలితే మళ్లీ కరుగుతుంది. ఉత్త డీజిలుకు అది త్వరగా లొంగదు గానీ, ఆల్కహాలు కలిసిన ఇంధనానికి మెత్తబడుతుంది. పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుకు మార్చే చిన్న పంపుసెట్లు మీలో కొందరి ఇళ్లల్లో ఉన్నాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ సెట్ల ట్యాంకులకు డ్యూకో వద్దు.

మూడోది రెండు డబ్బాల రంగు. ఒకదాంట్లో రంగు, ఇంకోదాంట్లో హార్డనరు. కలిపిన క్షణం నుంచి రసాయనం పని మొదలుపెడుతుంది, కొన్ని గంటల్లో వాడకపోతే డబ్బాలోనే గట్టిపడుతుంది. ఇందులో ఎపాక్సీ, పాలీయురిథేన్ అని రెండు రకాలు మీకు అవసరం. ఎపాక్సీ ఇనుమును పట్టుకున్నట్టు ఇంకేదీ పట్టుకోదు, డీజిలును లెక్కచేయదు. కాకపోతే ఎండకు పైన తెల్లగా సుద్ద రాలుతుంది. మన ఎండ సంగతి చెప్పాలా? అందుకని ఎపాక్సీని అడుగుపూతగా వాడి, పైన పాలీయురిథేన్ వేయాలి. పాలీయురిథేన్‌లో ఎండకు తట్టుకునే రకం అడిగి తీసుకోండి. వారం రోజుల్లో పూర్తిగా ముడిపడితే డీజిలు, ఇంజనాయిలు, గ్రీసు, ఏదీ దాన్ని సులువుగా కదిలించలేదు.

నా మాట అడిగితే, ట్యాంకు, ఫిల్టరు బ్రాకెట్టు, పంపు గట్టు, బాడీ, పునాది చట్టం, వీటన్నిటికీ జింకు ఫాస్ఫేటు కలిసిన ఎపాక్సీ ప్రైమరు, దాని మీద రెండు పలచని పూతలు పాలీయురిథేన్. చేతిలో డబ్బు తక్కువైతే చక్రాలకూ, నీళ్ల తొట్టి స్టాండుకూ రెడాక్సైడు మీద ఎనామిల్ వేసి అక్కడ మిగుల్చుకోండి. పంపు గట్టు దగ్గర మిగుల్చుకోవద్దు. ఇంకొక జాగ్రత్త. పాత ఎనామిల్ మీద గానీ, మామూలు రెడాక్సైడు మీద గానీ పాలీయురిథేన్ వేస్తే, దాని టిన్నరు ఘాటుకు కింది పూత పొంగి లేస్తుంది. అడుగు నుంచీ ఒకే జాతి ఉండాలి. గుంటలు పూడ్చే లప్పం కూడా ఎపాక్సీదే తెచ్చుకోండి. కార్ల షెడ్డులో వాడే మామూలు పుట్టీ డీజిలు చెమ్మను పీల్చుకుని, కొన్నాళ్లకు పైపూతను తనతో పాటు లేపుతుంది.

సైలెన్సరుకు, దాని మెడకు ఇవేవీ పనికిరావు. సిలికాన్ కలిసిన వెండిరంగు వేడి పెయింటు వేరే దొరుకుతుంది. అది గాలికి ఆరినట్టు కనిపించినా వేడి తగిలితేనే గట్టిపడుతుంది. పలచగా పూసి, ఇంజనును కొద్దిసేపు ఖాళీగా తిప్పి ఆపి, చల్లారాక మళ్లీ ఇంకాస్త ఎక్కువసేపు తిప్పండి.

ఇంత చెప్పినా, నా మాటనూ డబ్బా మీది అక్షరాలనూ రెండిటినీ నమ్మి కూర్చోవద్దు. డబ్బా మీద ఆయిల్ రెసిస్టెంట్ అని ఉంటుంది. ఏ నూనెకు, ఎంతసేపు, ఎంత వేడిలో అన్నది ఉండదు. పరీక్ష మీ కొట్టంలోనే చేయవచ్చు. ఇనుప రేకు ముక్కలు కోసి, ఇంజనును ఎలా శుభ్రం చేయబోతున్నారో వాటినీ అలాగే శుభ్రం చేసి, మీరు అనుకుంటున్న రంగులన్నీ ఒక్కోదాని మీద ప్రైమరుతో సహా పూయండి. వెనకవైపు మేకుతో రంగు పేరు, తేదీ గీకండి. డబ్బా మీద పూర్తిగా ఆరడానికి ఎన్ని రోజులు రాశాడో అన్ని రోజులూ ఆగండి. తర్వాత డీజిలులో ముంచిన గుడ్డముక్క రంగు మీద పరచి, అది ఆరిపోకుండా పైన సీసామూత బోర్లించి ఒక రోజంతా వదిలేయండి. తీసి తుడిచాక మూడు సంగతులు చూడండి. తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే గుడ్డకు రంగు అంటుతోందా? బొటనవేలి గోరు ఒత్తితే గాటు పడుతోందా? తడిసిన చోటుకూ తడవని చోటుకూ మెరుపులో తేడా ఉందా? మూడింటికీ లేదు అని జవాబు వస్తేనే ఆ రంగు ఇంజను ఎక్కాలి. ఇంకో రేకును వేడి చేసిన డీజిలుతో చూడాలని మీలో ఎవరికైనా తోచవచ్చు. పొయ్యి మీద వద్దు, ఎండలో పెట్టిన రేకు చాలు.

ఎందుకు వద్దంటున్నానంటే, మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిలుకు ఫ్లాష్ పాయింటు కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. అంటే ఆ వేడిలో దాని మీద నిప్పురవ్వకు అంటుకునేంత ఆవిరి లేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కణేకల్ నీడలోనే 40 దాటుతుంది. డీజిలుకు నిప్పంటుకోదులే అనే మాట చలిదేశాల్లో ఎంత నిజమో గానీ మన ఊరి ఎండాకాలంలో నిజం కాదు. పెట్రోలుతో ఇంజను కడగడం అసలే వద్దు.

ఇంధనం కూడా నిలకడగా ఉండదని గుర్తుపెట్టుకోండి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో తిప్పి చూపించారు. రుడాల్ఫ్ డీజిలే తర్వాత ఆ సంగతి చెప్పాడు. వేరుశనగే బతుకైన మన జిల్లా పిల్లలు ఈ ముచ్చట తప్పక తెలుసుకోవాలి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ ఆడవాళ్లు కానుగ గింజల నూనె తీసి, దాన్ని డీజిలు బదులు వాడితే తగ్గే కార్బన్ లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. కానుగ మన చేల గట్ల మీద కూడా ఉంది. రేపు మీరు ఈ ఇంజనును కానుగ బయోడీజిలుతో తిప్పాలనుకోవచ్చు, తిప్పాలని నా కోరిక కూడా. అయితే బయోడీజిలు మామూలు డీజిలు కన్నా రంగులను ఎక్కువగా మెత్తబరుస్తుంది, ఎనామిల్‌ను లేపేస్తుంది, పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది. కాబట్టి రేకు ముక్కల్లో ఒకదాన్ని దానితోనూ పరీక్షించి పెట్టుకోండి.

ఇప్పుడు శుభ్రం సంగతి. రంగు నిలవకపోతే తప్పు డబ్బాది కాకపోవచ్చు, కింది ఇనుముది కావచ్చు. పోత ఇనుముకు సన్నటి రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి తాగిన నూనె అందులో దాగి ఉంటుంది. పైన ఎంత తుడిచినా, ఎండ తగిలేసరికి చెమట మాదిరి మళ్లీ ఊరుతుంది. కిరసనాయిలుతో కడగడం మొదటి మెట్టు మాత్రమే, ఎందుకంటే కిరసనాయిలే ఒక జిడ్డు పొర వదులుతుంది. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం భాగాలను ముందే విప్పి పక్కన పెట్టండి, కాస్టిక్ వాటిని తినేస్తుంది. మంచినీళ్లతో బాగా కడిగి, వెంటనే ఎండలో పెట్టి, ఇనుము వేడెక్కాక టిన్నరు గుడ్డతో తుడవండి. చల్లారనిచ్చి మళ్లీ ఎండలో పెట్టి మళ్లీ తుడవండి. తెల్లగుడ్డ తెల్లగానే తిరిగొచ్చేదాకా ఇదే పని. వచ్చిన రోజే ప్రైమరు పడాలి, రాత్రి దాటితే సన్నటి తుప్పు పూస్తుంది.

పాత రంగు గీకే పనిని నేను భయంతోనే మీకు అప్పగిస్తున్నాను. పాతకాలపు ఆకుపచ్చల్లో ముఖ్యమైన బ్రన్స్‌విక్ గ్రీన్‌ను క్రోమ్ పసుపు, ప్రష్యన్ నీలం కలిపి చేసేవారు. క్రోమ్ పసుపు అంటే సీసం, క్రోమియం కలిసిన విషం. పొడిగా ఎమరీ పేపరుతో రుద్దినా, గ్రైండరు పెట్టినా ఆ దుమ్ము మీ ఊపిరితిత్తుల్లోకి, మీ బట్టల మీద ఇంటికి, ఇంట్లో పాకే పిల్లల నోటికి చేరుతుంది. వాటర్ పేపరుతో తడిగానే రుద్దండి, లేదా రంగు తీసే లేపనం పూసి గీకండి. ఊడిన పెళ్లలు పాత గోనె మీద పడేలా చూసి, మూటగట్టి దూరంగా పెట్టండి, బావిలోకి గానీ కాలువలోకి గానీ పోనీయకండి. కొత్త డబ్బా కొనేటప్పుడు కూడా అడగండి. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నియమం తెచ్చి 2017 నవంబరు నుంచి అమలు చేశారు గానీ అది ఇళ్లకు, అలంకరణకు వేసే రంగులకే. పారిశ్రామిక రంగులకు ఆ కట్టుబాటు లేదు. సీసం లేనిదే కావాలని గట్టిగా అడగండి.

పాలీయురిథేన్ హార్డనరు సంగతి దానికన్నా ముఖ్యం. అందులో ఐసోసయనేట్ ఉంటుంది. గన్నుతో కొట్టినప్పుడు లేచే మంచులో అది ఊపిరిలోకి పోతే ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం వాసన తగిలినా ఊపిరాడదు. ముక్కుకు కట్టిన రుమాలు, మందుల షాపు మాస్కు దాన్ని ఆపలేవు. బయటి నుంచి మంచి గాలి పైపుతో అందించే తొడుగు ఉన్న షెడ్డులోనే గన్ను పట్టాలి. మీ దగ్గర అది లేదు. కాబట్టి మీరు బ్రష్షుతోనే వేయండి. నాలుగు వైపులా గాలాడే చోట, చేతి తొడుగులతో. బ్రష్షు గీతలు కనిపిస్తాయని మీలో ఒకరికి దిగులని విన్నాను. నాయనా, కనిపించనీ. మీ ఊపిరి కన్నా ఆ నున్నదనం ఎక్కువ కాదు. మంచి బ్రష్షు తీసుకుని, రంగును పలచన చేసి, ఒకే దిక్కుకు లాగితే ఆ గీతలు చాలామటుకు సర్దుకుంటాయి కూడా.

ఏ నెలలో వేయాలన్నది మన ఊళ్లో పెద్ద విషయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి హగరి ఇసుకను లేపుతుంది. గోవిందవాడ, దర్గాహొన్నూరు వైపు చేలల్లో ఇసుక దిబ్బలు మేట వేసేది ఆ గాలికే. ఆ రోజుల్లో బయట రంగు వేస్తే అది రంగు కాదు, ఎమరీ పేపరు. ఏప్రిల్, మే నెలల్లో ఇనుము ముట్టుకోలేనంత కాలుతుంది. పూత పైపైన తొక్క కట్టి లోపల పచ్చిగా మిగిలిపోతుంది, టిన్నరు బుడగలై సూదిపోట్ల లాంటి గుంతలు వదులుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచికాలం. తెల్లవారి మంచు చెమ్మ పూర్తిగా ఆరి, ఇనుము గోరువెచ్చగా అయ్యాక మొదలుపెట్టి, మధ్యాహ్నం గాలి లేవకముందే ముగించండి. కొట్టం నేల మీద ముందుగా నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. మీ ఉత్సాహానికి అన్నాళ్లు ఆగడం కష్టమే. ఆ లోపల రేకుల పరీక్షలు ముగించుకోవచ్చు.

రంగు వేయకూడని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. గవర్నరు కీళ్లు, ఫ్యూయల్ పంపు ర్యాకు కదిలే చోటు, ఊపిరి రంధ్రం, గ్రీసు కప్పులు, జాయింట్లు కూర్చునే మరపట్టిన ముఖాలు. ఇవి రంగుతో మూసుకుపోతే ఇంజను అడ్డూ అదుపూ లేకుండా పరుగెత్తవచ్చు, లేదా నూనె అందక పట్టేయవచ్చు. క్రాంకు కేసు లోపలివైపు వేయమని ఎవరైనా చెప్తే వినకండి. లోపల ఊడిన చిన్న పెళ్ల నూనె దారిలో అడ్డం పడితే బేరింగు పోతుంది. ట్యాంకు లోపల కూడా ఏ రంగూ వద్దు. పాత ట్యాంకు పూర్తిగా తినేసి ఉంటే కొత్తది చేయించండి గానీ, జింకు పూసిన జీఐ రేకుతో చేయించకండి. డీజిలులోని ఆమ్లాలు జింకుతో కలిసి సబ్బులాంటి జిగురై ఫిల్టరును, నాజిలును మూసేస్తాయి. మామూలు నల్ల ఇనుప రేకుతోనో, స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేయించండి. ఇత్తడి నేమ్‌ప్లేటును విప్పి పక్కన పెట్టండి. దాని మీది నెంబరు, గుర్రాల బలం, చుట్ల లెక్క ఆ ఇంజను జాతకం.

నేమ్‌ప్లేటు విప్పినప్పుడు దాని కింద చూడండి. ట్యాంకు బ్రాకెట్టు కింద, పాదాల మూలల్లో కూడా. ఎండ, డీజిలు తగలని ఆ చోట్ల కర్మాగారంలో వేసిన అసలు రంగు ఇంకా మిగిలి ఉంటుంది. అప్పటి లిస్టర్‌కు బ్రన్స్‌విక్ గ్రీన్ వేసేవారు. దాని పోలికతో మన దేశంలో చేసినవాటికి ఏది తోస్తే అది వేశారు కాబట్టి మీ ఇంజనులో ఏముందో మీరే చూడాలి. తడిగుడ్డతో తుడిచి, ఆ మచ్చ ఫోటో తీసుకుని, రంగు కలిపే కొట్టుకు ఆ ముక్కే పట్టుకుపోండి. బళ్లారిలో మిషను మీద రంగు కలిపి ఇస్తారు. ఎరుపు కావాలన్నవాళ్లను నొప్పించాలని కాదు గానీ, ఆ ఇంజను మన బావుల మీద ఏ రూపంతో పనిచేసిందో అదే రూపంతో నిలబడాలని నాకు గట్టిగా ఉంది. కూలికొచ్చిన ముసలమ్మ ఒకామె ఆ దారిన పోతూ అదిగో మా బావి ఇంజను అని గుర్తుపట్టాలి.

రంగు పని అయ్యాక వాడిన డబ్బాల పేర్లు, ప్రైమరు రకం, హార్డనరు పాళ్లు, వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి కొట్టం దూలానికి అంటించండి. అయిదేళ్ల తర్వాత పంపు గట్టు మీద ఒక పెళ్ల లేస్తే, అప్పటి కుర్రవాళ్లు ఏ పూత మీద ఏ పూత వేయాలో తెలియక తికమకపడకూడదు. ఒలికిన డీజిలును తుడవడానికి ఒక గుడ్డ ఇంజను పక్కనే వేలాడదీయండి. నూనె గుడ్డలను మాత్రం కుప్పగా మూల పడేయకండి, ఎనామిల్ నూనె అంటిన గుడ్డల కుప్ప తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. విడివిడిగా ఆరేసి పారేయండి.

రంగు పూర్తిగా ముడిపడ్డాక మొదటిసారి ట్యాంకు నింపే రోజు నాకు కబురు పెట్టండి, వస్తాను. డీకంప్రెషన్ లీవరు ఎత్తి పట్టుకోవడం ఒకరి పని, హ్యాండిలు తిప్పడం ఇంకొకరి పని. ఇద్దరూ ముందే మాట్లాడుకుని నిలబడాలి. హ్యాండిలు పట్టుకునేవాడు బొటనవేలిని కడ్డీ చుట్టూ తిప్పి పట్టకూడదు. మిగతా నాలుగు వేళ్ల పక్కనే, ఒకే వైపు ఉంచాలి. ఇంజను వెనక్కి తన్నితే చెయ్యి జారిపోతుంది గానీ మణికట్టు విరగదు. లుంగీ కట్టుకుని, తుండు మెడలో వేసుకుని చక్రం దగ్గరికి రావద్దు. చిన్నపిల్లలను గడప అవతలే నిలబెట్టండి.

ఇట్లు
మీ మేస్త్రి తాత